87 శాతం గెలిచే బాట్‌కి లాట్ ఎంత పెట్టాలి?

ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. (కొత్తవాళ్ల కోసం: బాట్ అంటే ట్రేడ్లు తనంతట తానే వేసే ప్రోగ్రామ్. డెమో అంటే ఉత్తుత్తి డబ్బుతో నడిపే అకౌంట్. లాట్ అంటే ట్రేడ్ సైజుకు కొలత. పిప్ అంటే యూరో–డాలర్ రేటులో 0.0001 కదలిక. స్టాప్‌లాస్, టార్గెట్ అంటే నష్టానికి, లాభానికి ముందే పెట్టుకునే హద్దులు.) "అన్నా, యూరో–డాలర్ మీద ఒక బాట్ కొని మూడు నెలలుగా డెమోలో నడుపుతున్నా. స్టాప్‌లాస్ 40 పిప్‌లు, టార్గెట్ 40 పిప్‌లు. ఓడితే రికవరీ మోడ్‌లో లాట్ రెట్టింపు చేసి మళ్లీ వేస్తుంది, అలా మూడు మెట్ల దాకా పోతుంది. గెలుపు 87 శాతం చూపిస్తోంది గానీ బ్యాలెన్స్ పెద్దగా పెరగలేదు. లాట్ తక్కువయిందేమో అనిపిస్తోంది. అమ్మినాయన ఐదు మెట్లు పెట్టుకో, గెలుపు 97 శాతం అవుతుంది అంటున్నాడు. వచ్చే నెల 2,000 డాలర్లు వేద్దామనుకుంటున్నా. మొదటి లాట్ 0.20 చాలా, పెంచాలా?"

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. 2,000 డాలర్లకు, 40 పిప్‌ల స్టాప్‌లాస్‌కు 0.20 చాలా ఎక్కువ. 0.05 దాటకూడదు. రికవరీ మోడ్ పూర్తిగా ఆపెయ్యాలి. అసలు ఆ 2,000 డాలర్లను విదేశీ ప్లాట్‌ఫామ్‌కు పంపవద్దు. ఆ సంగతి కింద వివరంగా రాస్తాను. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఏ మార్కెట్‌లో బాట్ నడిపినా ఈ లెక్క నీకు పనికొస్తుంది.

నేను తాడిపత్రిలో బండలు ఎగుమతి చేసే ఒక యూనిట్‌లో లెక్కలు చూస్తాను. బయటి దేశాల నుంచి రావలసిన డాలర్లకు రేటు పడిపోకుండా ఎక్స్ఛేంజ్‌లో డాలర్–రూపాయి ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) అమ్మి పెట్టుకోవడం 2011 నుంచి నా పని. 2018 నుంచి ఆ ఆర్డర్లను నేను రాసుకున్న ప్రోగ్రామే వేస్తోంది. కింద చెప్పేవి ఆ పనిలో నేర్చుకున్నవి.

లాట్ ఎంత అనేది చివర తేలే అంకె. ముందు తేల్చుకోవలసింది ఒక్క ట్రేడ్ ఓడితే ఎంత పోయినా పరవాలేదు అనేది. నా హద్దు ఒక శాతం, కొత్త బాట్‌కైతే అర శాతం. 2,000లో ఒక శాతం అంటే 20 డాలర్లు. స్టాప్‌లాస్ 40 పిప్‌ల దూరంలో ఉంది కాబట్టి పిప్‌కు అర డాలర్ మించకూడదు. యూరో–డాలర్‌లో ఒక ఫుల్ లాట్, అంటే లక్ష యూరోలు, పిప్‌కు 10 డాలర్లు కదులుతుంది. అర డాలర్ కావాలంటే 0.05 లాట్. అర శాతం పెట్టుకుంటే 0.025 వస్తుంది, దాన్ని 0.02కి తగ్గించు. ఎప్పుడూ కిందికే సవరించాలి, పైకి కాదు.

నువ్వు అనుకున్న 0.20తో పిప్‌కు రెండు డాలర్లు. ఒక్క స్టాప్‌లాస్ తగిలితే 80 డాలర్లు, అంటే నాలుగు శాతం పోయినట్టు. రికవరీ లేకుండానే ఇది. సగం గెలిచి సగం ఓడే బాట్ 200 ట్రేడ్లు చేస్తే, అందులో ఎక్కడో ఒకచోట వరుసగా ఆరు ఓడిపోయే అవకాశం దాదాపు 80 శాతం ఉంటుంది. కాబట్టి వరుసగా ఆరు పోవడాన్ని దురదృష్టం కింద లెక్కేసుకోవద్దు, వచ్చి తీరుతుందనుకునే సిద్ధపడాలి. ఒక శాతం చొప్పున ఆరు పోతే అకౌంట్ సుమారు ఆరు శాతం తగ్గుతుంది. నాలుగు శాతం చొప్పున ఆరు పోతే 22 శాతం తగ్గుతుంది, మళ్లీ మొదటికి రావడానికి మిగిలినదాని మీద 28 శాతం సంపాదించాలి. అదే సగం పోతే, ఉన్నదాన్ని రెట్టింపు చేస్తే తప్ప మొదటికి రాలేవు.

ఇప్పుడు నీ అసలు సందేహానికి వద్దాం. గెలుపు 87 శాతం ఉన్నా బ్యాలెన్స్ ఎందుకు పెరగడం లేదు?

నీ బాట్ ఒక్కో ఆర్డర్‌ను విడిగా లెక్కపెట్టడం లేదని నా గట్టి అనుమానం. మూడు మెట్ల వరుస మొత్తాన్ని ఒక ట్రేడ్‌గా లెక్కపెడుతోంది. కాగితం తీసుకుని నాతో పాటు వేసి చూడు. బాట్‌కు ఏ తెలివీ లేదు, నాణెం ఎగరేసినట్టు సగం సార్లు గెలుస్తుంది అనుకుందాం. మొదటి మెట్టు 0.20, ఓడితే 0.40, మళ్లీ ఓడితే 0.80. ఏ మెట్టులో గెలిచినా వరుస మొత్తం మీద 80 డాలర్లు లాభం. మూడూ ఓడితే 80, 160, 320 కలిపి 560 డాలర్లు నష్టం. మూడూ ఓడే అవకాశం ఎనిమిదిలో ఒకటి. అంటే గెలిచే వరుసలు ఎనిమిదికి ఏడు, 87.5 శాతం.

నీ 87 ఎక్కడి నుంచి వచ్చిందో కనబడింది కదా? ఏడు సార్లు 80 చొప్పున 560 వస్తుంది, ఎనిమిదోసారి 560 పోతుంది. మిగిలేది సున్నా. అందులో నుంచి ప్రతి ఆర్డర్‌కూ స్ప్రెడ్, అంటే కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్య తేడా, పోతుంది; పై మెట్లలో లాట్ పెద్దది కాబట్టి స్ప్రెడ్ కూడా ఎక్కువ పోతుంది. అందుకే నీ బ్యాలెన్స్ అక్కడక్కడే తిరుగుతోంది. లాట్ పెంచితే అదే సున్నా ఇంకా పెద్ద ఊపులతో వస్తుంది.

ఐదు మెట్లు పెడితే గెలుపు 97 శాతం అవుతుందని అమ్మినాయన చెప్పింది కూడా ఇలాంటిదే. 32 వరుసల్లో 31 గెలుస్తాయి, అంటే దాదాపు 97 శాతం. 31 సార్లు 80 అంటే 2,480. ఒక్కసారి ఐదూ ఓడితే 80, 160, 320, 640, 1,280. అవన్నీ కలిపితే 2,480. మళ్లీ సున్నా. కానీ నీ దగ్గర ఉన్నది 2,000. ఐదో మెట్టు నష్టం పూర్తయ్యే లోపలే అకౌంట్ ఖాళీ అవుతుంది. గెలుపు శాతాన్ని అమ్మేవాడు తనకు నచ్చిన అంకెకు తెచ్చుకోవచ్చు. మెట్లు పెంచితే చాలు.

మన జిల్లాల్లో పుట్టినవాడికి దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. ఇది బోర్లు వేయడం. మొదటి బోరు ఎండిపోయింది, అప్పు చేసి రెండోది ఇంకా లోతుకు వేశాడు. అదీ పోయింది. ఇంతవరకు పెట్టిందంతా వృథా అవుతుందని మూడోది. ప్రతి బోరు ముందుదాని కంటే లోతు, ముందుదాని కంటే ఖర్చు. ఒక్కదాంట్లో నీళ్లు పడితే అప్పులన్నీ తీరిపోతాయనే ఆశ. మా పెదనాన్న పుట్లూరు దగ్గర నాలుగు బోర్లు వేసి, నాలుగెకరాల్లో రెండెకరాలు అమ్ముకున్నాడు. నేలలో నీళ్లు ఉన్నాయా లేవా అనేది ఎంత ఖర్చుపెట్టావన్న దాన్ని బట్టి మారదు. యూరో ఎటు పోతుందనేదీ నువ్వు ఇంతకుముందు ఎన్నిసార్లు ఓడావన్న దాన్ని బట్టి మారదు. రికవరీ మోడ్ మారుతుందన్నట్టు ప్రవర్తిస్తుంది.

అదే మెట్ట పొలంలో శెనక్కాయ వేసే రైతును చూడు. మొదటి పదునుకే విత్తనమంతా చల్లేయడు. మొలక ఎండిపోతే రెండోసారి విత్తడానికి కొంత ఇంట్లో ఉంచుకుంటాడు. లాట్ లెక్క అంతా ఈ ఆలోచన నుంచే పుట్టింది.

స్టాప్‌లాస్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. స్టాప్‌లాస్ అంటే ఆ ధర తగలగానే దొరికిన రేటుకు ట్రేడ్ మూసేయమని చెప్పే ఆర్డర్. అదే రేటు దొరుకుతుందన్న హామీ కాదు. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరో–ఫ్రాంక్ రేటును 1.20 కిందికి పోనివ్వకుండా పట్టుకున్న పట్టును ముందు చెప్పకుండా వదిలేసింది. రేటు కొద్ది నిమిషాల్లో 1.00 కిందికి పడింది. 1.19 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్లకు చాలా కిందికి పోయాక గానీ ఆర్డర్ పూర్తి కాలేదు. ఎన్నో అకౌంట్లు మైనస్‌లోకి పోయాయి, బ్రోకర్లే దివాలా తీశారు. 2016 అక్టోబర్ 7న మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున నాలుగున్నర దాటాక పౌండ్ డాలర్ మీద నిమిషాల్లో సుమారు 9 శాతం పడింది. ఆ టైమ్‌లో నువ్వు నిద్రలో ఉంటావు, బాట్ మాత్రం మేలుకుని ఉంటుంది.

అందుకే నాది రెండో హద్దు ఒకటుంది. అన్ని పొజిషన్ల పూర్తి విలువ కలిపి పెట్టుబడికి మూడు రెట్లు దాటనివ్వను. 0.20 లాట్ అంటే 20,000 యూరోలు. 2,000 డాలర్ల మీద అది పది రెట్ల పైమాట. రేటు ఒక్కసారిగా పది శాతం ఎదురుగా దూకితే (దీన్నే గ్యాప్ అంటారు) మొత్తం పోతుంది. 0.05 అయితే దాదాపు మూడు రెట్ల దగ్గర ఆగుతుంది. బ్రోకర్ 500 రెట్ల లెవరేజ్ ఇస్తున్నాడంటే, అంత అప్పు దొరుకుతుందని అర్థం. అంత తీసుకోమని కాదు.

ఇంకోటి. బాట్‌ను యూరో–డాలర్, పౌండ్–డాలర్, ఆస్ట్రేలియా డాలర్ల మీద ఒకేసారి పెట్టి, ఒక్కోదానికి ఒక శాతం రిస్క్ అని లెక్కవేస్తుంటారు. మూడింట్లోనూ కొంటే నువ్వు అమ్ముతున్నది ఒక్క అమెరికా డాలర్‌నే. అది బలపడిన రోజు మూడూ కలిసి పడతాయి. ఆ మూడింటికీ కలిపి ఒక శాతం పెట్టుకోవాలి.

నా సంగతి ఒకటి చెప్తాను. 2013 ఆగస్టులో మాకు 60,000 డాలర్లు రావలసి ఉంది. అందుకు సరిగ్గా 60 లాట్లు అమ్మి పెట్టాను. ఎక్స్ఛేంజ్‌లో ఒక లాట్ 1,000 డాలర్లు, కాబట్టి రూపాయి కదిలితే లాట్‌కు 1,000 రూపాయలు. లెక్క ప్రకారం నాకు రిస్క్ లేదు. డాలర్ పెరిగి ఫ్యూచర్స్‌లో నష్టం వస్తే, రాబోయే డాలర్లకు అంత ఎక్కువ రూపాయలు వస్తాయి. కానీ ఆగస్టు 28న రూపాయి ఒక్కరోజులో 256 పైసలు పడి 68.80కి చేరింది. 60 లాట్ల మీద లక్షన్నర రూపాయల పైన. కొనుగోలుదారు ఇవ్వవలసిన డాలర్లు రెండు నెలల తర్వాత వస్తాయి, బ్రోకర్‌కు మాత్రం ఆరోజే నగదు కట్టాలి. ఆ నెలంతా కట్టుకుంటూ వచ్చాం, చేతిలో అంత నగదు మిగల్లేదు. మార్జిన్ (బ్రోకర్ దగ్గర ఉంచవలసిన హామీ సొమ్ము) చాలలేదని బ్రోకర్ 25 లాట్లను ఆ పైరేటులోనే మూసేశాడు. మరుసటి రోజు రూపాయి 225 పైసలు బలపడింది. మూసేసిన 25 లాట్ల మీద అదే మాకు 56,000 రూపాయల తేడా.

మా ఓనరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా అంచనా తప్పు కాలేదు, దిక్కు తప్పు కాలేదు. మధ్యలో వచ్చే ఊపును తట్టుకునే నగదు పక్కన లేకపోవడమే తప్పు. అప్పటి నుంచి లాట్లు ఎన్ని అని నిర్ణయించేటప్పుడు మార్జిన్ ఎంత అని అడగను, చరిత్రలో వచ్చిన చెడ్డ వారం మళ్లీ వస్తే రోజూ కట్టడానికి ఎంత కావాలి అని అడుగుతాను.

మార్కెట్ ఊపును బట్టి లాట్ మారాలన్నది కూడా ఆ నెలే నేర్పింది. రోజుకు సగటున ఎంత కదులుతోందో చూపే ఏటీఆర్ అనే కొలత అన్ని చార్ట్‌లలోనూ ఉంటుంది. నేను 14 రోజులది తీసుకుని, దానికి రెండు రెట్ల దూరంలో స్టాప్‌లాస్ పెడతాను. పెట్టుబడి మూడు లక్షలు, రిస్క్ అర శాతం, అంటే 1,500 రూపాయలు అనుకుందాం. ఏటీఆర్ 20 పైసలు ఉంటే స్టాప్‌లాస్ 40 పైసలు, లాట్‌కు 400 రూపాయలు, మూడు లాట్లు వేయొచ్చు. ఏటీఆర్ 50 పైసలకు పెరిగితే లాట్‌కు 1,000, అప్పుడు ఒక్కటే లాట్. మార్కెట్ అల్లకల్లోలంగా ఉన్నప్పుడు లాట్ దానంతట అదే తగ్గుతుంది. నీ బాట్‌లో 40 పిప్‌లు ఏ కాలానికైనా 40 పిప్‌లే. ప్రశాంతంగా ఉన్న వారంలో అది ఎక్కువ దూరం, అమెరికా ఉద్యోగాల లెక్కలు వచ్చే శుక్రవారం అది ఏ మూలకూ చాలదు.

బాట్ నడిపేవాళ్లకు మనిషి చేత్తో వేసేవాళ్లకు లేని రిస్క్ ఇంకొకటి ఉంది. ప్రోగ్రామే తప్పు చేయడం. 2019 వేసవిలో మా వీధిలో కరెంటు పోయి వచ్చింది, నెట్ అటూ ఇటూ ఊగింది. నా ప్రోగ్రామ్ ఒక లాట్ అమ్మే ఆర్డర్ పంపింది. ఆర్డర్ పూర్తయింది గానీ పూర్తయినట్టు కబురు వెనక్కి రాలేదు. కబురు రాకపోతే మళ్లీ పంపమని రాసింది నేనే. ఇరవై నిమిషాల్లో ఒక లాట్ 14 లాట్లయింది. 300 రూపాయలు పోవలసిన చోట 4,200 పోయాయి. డబ్బు చిన్నదే. కానీ అదే తప్పు 60 లాట్ల ఆర్డర్ మీద జరిగి ఉంటే ఏమయ్యేదని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే పెద్ద సంస్థ, సరిగ్గా అమర్చని సాఫ్ట్‌వేర్ వల్ల సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. వాళ్లకు ఇంజినీర్లు ఉన్నారు. నీకూ నాకూ ఉన్నది ఒక ల్యాప్‌టాప్.

కాబట్టి లాట్ హద్దు బాట్ లోపల ఒక్కచోటే ఉంటే చాలదు. నేను ఇప్పుడు వేరే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడుపుతాను. అది ఏమీ కొనదు, అమ్మదు. ప్రతి నిమిషం బ్రోకర్ దగ్గర నిజంగా ఎన్ని లాట్లు ఉన్నాయో అడుగుతుంది. హద్దు దాటినా, రోజుకు ఇన్ని ఆర్డర్లని పెట్టిన లెక్క దాటినా, ఆ రోజు నష్టం రెండు శాతం చేరినా బాట్‌ను ఆపేసి నాకు మెసేజ్ పంపుతుంది. తిరిగి మొదలుపెట్టే పని మాత్రం దానికి ఇవ్వలేదు. మరుసటి రోజు పొద్దున నేనే చూసుకుని మొదలుపెడతాను.

కెల్లీ ఫార్ములా ప్రకారం లాట్ పెంచుకోవచ్చని కొందరు చెప్తారు. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన ఆ సూత్రం గణితంగా సరైనదే. గెలుపు 55 శాతం, లాభనష్టాలు సమానం అయితే ఒక్కో ట్రేడ్‌కు 10 శాతం పెట్టమంటుంది. కానీ నీ అసలు గెలుపు 55 కాక 50 అయితే అదే ఫార్ములా సున్నా పెట్టమంటుంది. మూడు నెలల డెమో చూసి 50కి, 55కి తేడా ఎవరూ చెప్పలేరు. నేను దాన్ని వాడను.

ఇక డబ్బు పంపే సంగతి. ఇది నువ్వు అడగలేదు, అయినా అన్నిటికంటే పెద్ద రిస్క్ ఇదే. మన దేశంలో ఉండేవాళ్లు గుర్తింపు లేని విదేశీ ఫారెక్స్ ప్లాట్‌ఫామ్‌లలో ట్రేడింగ్ చేయడం ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ) చట్టానికి విరుద్ధం. ఎల్ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద విదేశాలకు డబ్బు పంపే వీలున్నా, మార్జిన్ ట్రేడింగ్‌కు పంపడానికి అనుమతి లేదు. చట్టంలో జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉంది. ఇలాంటి ప్లాట్‌ఫామ్‌ల పేర్లతో ఆర్‌బీఐ 2022 సెప్టెంబర్ నుంచి హెచ్చరిక జాబితా ఇస్తోంది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. డబ్బు వేయమని యూపీఐ ఐడీ ఇస్తే, అది ఎవరి పేరున ఉందో చూడు. కంపెనీ పేరు కాకుండా ఎవరో తెలియని మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆగిపో. లాట్ ఎంత జాగ్రత్తగా లెక్కవేసినా, వెనక్కి తీసుకోలేని డబ్బు మీద ఒక శాతం రిస్క్ అనే మాటకు అర్థం లేదు. అక్కడ రిస్క్ నూరు శాతం.

మన దేశపు ఎక్స్ఛేంజ్ ఎన్ఎస్ఈలో డాలర్–రూపాయి చేయొచ్చు కదా అంటావేమో. 2024 మే 3 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ నిబంధన ప్రకారం, రూపాయితో ముడిపడిన కరెన్సీ కాంట్రాక్టుల్లో దిగాలంటే ఎగుమతో దిగుమతో లాంటి నిజమైన విదేశీ మారక అవసరం ఉండాలి. 10 కోట్ల డాలర్ల వరకు కాగితాలు చూపించనక్కర్లేదు గానీ అవసరం ఉండి తీరాలి. మా యూనిట్‌కు ఉంది, నీకు లేదు. రూపాయి లేని యూరో–డాలర్ కాంట్రాక్టులు 2018 నుంచి ఎన్ఎస్ఈలో ఉన్నాయి. వాటిలో లావాదేవీలు చాలా పలచన, బాట్‌కు సరైన రేటు దొరకదు. ఇది నీకు నిరాశ కలిగించే మాటే, కానీ దాచి చెప్పలేను.

డెమోను మాత్రం వదలొద్దు, నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. ఈ వారం రికవరీ మోడ్ ఆపి, లాట్ 0.05 పెట్టి మళ్లీ నడుపు. ఈలోగా మూడు నెలల ట్రేడ్ల లిస్ట్ ఎక్సెల్‌లోకి దించుకుని, వరుసలుగా కాకుండా ఒక్కో ఆర్డర్‌ను విడిగా లెక్కపెట్టు. 40 పిప్‌ల లాభంతో మూసినవి ఎన్ని, 40 పిప్‌ల నష్టంతో మూసినవి ఎన్ని. 50కి అటూ ఇటూ వస్తుందని నా అంచనా. స్ప్రెడ్ పోను ఒక్కో ఆర్డర్‌కు సగటున ఏమైనా మిగిలితే ఆ అంకె నాకు పంపు, దాన్ని బట్టి లాట్ ఎంత ఉండాలో కూర్చుని లెక్కవేద్దాం.